నాగటి చాళ్ళు చూసి టీవీకి దారి కనిపెట్టిన కుర్రవాడు



మన హాస్టల్ కంప్యూటర్ గదిలో రెండు రకాల తెరలు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి పూర్వ విద్యార్థులు ఎప్పుడో ఇచ్చిన పాత డబ్బా మానిటరు. ఇద్దరం పట్టుకుంటే గానీ బల్ల మీదికి ఎక్కదు. రెండోది పలుచటి ఎల్‌సీడీ. ఆదివారం భోజనాలయ్యాక అక్కడ ఒకటే వాదన. ఏ తెర మంచిది? సినిమా సాఫీగా నడిచే కంప్యూటర్‌లోనే కారు పందెం ఆట పెడితే ఎందుకు ఆగి ఆగి నడుస్తుంది? ఈ వాదన తేల్చుకుందామని చదవడం మొదలుపెడితే మాకు ఒక మనిషి జీవితం ఎదురైంది. ఆయన మనలాగే పల్లెటూరి రైతు బిడ్డ. పేరు ఫిలో టేలర్ ఫార్న్స్‌వర్త్.

ఫిలో 1906 ఆగస్టు 19న అమెరికాలోని ఉటా రాష్ట్రంలో, బీవర్ అనే ఊరి దగ్గర, తాత కట్టిన దుంగల ఇంట్లో పుట్టాడు. 1918లో ఆ కుటుంబం ఐడహో రాష్ట్రంలోని రిగ్‌బీ దగ్గరికి వ్యవసాయానికి వలస వెళ్ళింది. కొత్త ఇంట్లో కరెంటు కోసం ఒక జనరేటర్ ఉంది. అటక మీద ఎవరో వదిలేసిన సైన్సు పత్రికల కట్ట దొరికింది. ఫిలోకి అవే పెద్ద చదువు అయ్యాయి. జనరేటర్ చెడిపోతే తనే బాగుచేసేవాడు. అమ్మ చేత్తో తిప్పే బట్టల యంత్రానికి పాత మోటారు బిగించి ఆమె కష్టం తగ్గించాడు. బడికి గుర్రం మీద వెళ్ళి వచ్చేవాడు.

దూరాన ఉన్న బొమ్మను ఇక్కడ చూపించాలని అప్పటికే చాలామంది ప్రయత్నిస్తున్నారు. వాళ్ళలో చాలామంది చిల్లులున్న పళ్ళేన్ని గిరగిరా తిప్పేవారు. జర్మనీకి చెందిన పాల్ నిప్‌కోవ్ 1884లోనే ఆలోచించిన పద్ధతి అది. 1926లో లండన్‌లో జాన్ లోగీ బెయిర్డ్ బొమ్మ చూపించింది కూడా తిరిగే పళ్ళెంతోనే. అయితే ఆ బొమ్మలో ఉన్నవి సుమారు 30 గీతలే. పళ్ళేన్ని ఎంత వేగంగా తిప్పినా ఒక హద్దు ఉంటుంది. యంత్రం చేయలేని వేగాన్ని ఎలక్ట్రాన్ చేయగలదని ఫిలో పత్రికలు చదివి గ్రహించాడు. మరి ఎలా చేయించాలి?

జవాబు పొలంలో దొరికింది. 1921 వేసవిలో, ఇంకా పదిహేనేళ్ళు నిండకముందే, బంగాళాదుంపల పొలం దున్నుతూ ఫిలో వెనక్కి తిరిగి చూశాడు. చాలు పక్కన చాలు, వరుసగా పొలమంతా పరుచుకుని ఉంది. బొమ్మను కూడా ఇలాగే వరుస తర్వాత వరుసగా ఎలక్ట్రాన్లతో చదివించి, అవతల మళ్ళీ వరుస తర్వాత వరుసగా గీయించవచ్చని అతనికి తట్టింది. అది తగినంత వేగంగా జరిగితే కంటికి గీతలు కనబడవు, బొమ్మే కనబడుతుంది.

1922 మొదట్లో ఫిలో తన ఆలోచనను కెమిస్ట్రీ మేష్టారు జస్టిన్ టోల్‌మన్‌కు నల్లబల్ల మీద గీసి చెప్పాడు. రైతు కుర్రాడికి ఇవన్నీ ఎందుకని ఆయన కసిరి పంపలేదు. ఓపికగా విన్నారు, ప్రశ్నలు వేశారు, పాఠాలకు మించి నేర్పారు. ఆ బొమ్మ ఆయన మనసులో ఉండిపోయింది.

1924 జనవరిలో ఫిలో తండ్రి న్యుమోనియాతో చనిపోయాడు. కుటుంబ భారం మీద పడి కాలేజీ చదువు మధ్యలోనే ఆగిపోయింది. మనలోనూ నాన్న పోయాక సర్టిఫికెట్లు తీసుకుని కూలికి పోదామనుకున్నవాళ్ళు ఉన్నారు. ఫిలో కూడా దొరికిన పనల్లా చేశాడు గానీ ఆలోచన మాత్రం వదల్లేదు. 1926లో జార్జ్ ఎవర్సన్, లెస్లీ గోరెల్ అనే ఇద్దరు పెట్టుబడి పెట్టడానికి ముందుకొచ్చారు. అదే ఏడాది పెమ్ అనే అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడు. శాన్‌ఫ్రాన్సిస్కోలో గ్రీన్ స్ట్రీట్ 202 నంబరు ఇంట్లో ప్రయోగశాల పెట్టారు. భార్య, ఆమె అన్న క్లిఫ్ కూడా పనిలో దిగారు.

1927 జనవరి 7న పేటెంటుకు దరఖాస్తు పెట్టారు. సెప్టెంబరు 7న ఒక గదిలో కెమెరా గొట్టం ముందు గీత గీసిన గాజు పలక ఉంచారు. పక్క గదిలోని తెర మీద ఆ గీత వెలిగింది. పలకను తిప్పితే తెర మీద గీత కూడా తిరిగింది. కదిలే పళ్ళెం ఏదీ లేకుండా బొమ్మ ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్ళింది. అప్పటికి ఆయన వయసు 21 ఏళ్ళు.

ఇక్కడ ఆగి మా వాదన సంగతి చెప్పుకుందాం. మన డబ్బా మానిటరులో ఉన్నది కార్ల్ ఫెర్డినాండ్ బ్రౌన్ 1897లో తయారుచేసిన గొట్టానికి వారసురాలే. వెనక నుంచి వచ్చే ఎలక్ట్రాన్ల ధార అద్దం లోపలి పూతను వరుస వరుసగా తాకుతుంది. తాకిన చుక్క క్షణంలో వెలిగి ఆరిపోతుంది. అందుకే దాంట్లో పరుగెత్తే బొమ్మ చెదరకుండా తేటగా ఉంటుంది. అయితే సెకనుకు 60 సార్లే గీస్తే మినుకుమినుకుమని కళ్ళు లాగుతాయి. 75 లేక 85కు పెంచుకుంటే హాయిగా ఉంటుంది. ఎల్‌సీడీ దారి వేరు. వెనక దీపం వెలుగుతూనే ఉంటుంది, ముందున్న ద్రవ స్ఫటికాలు కిటికీ రెక్కల్లా వెలుగును వదులుతూ ఆపుతూ ఉంటాయి. తర్వాతి బొమ్మ వచ్చేదాకా చుక్క అలాగే నిలిచి ఉంటుంది కాబట్టి మినుకు ఉండదు, కానీ వేగంగా కదిలేది కాస్త అలికినట్టు కనబడుతుంది. బరువు, కరెంటు మాత్రం బాగా తక్కువ. ఓఎల్‌ఈడీలో ప్రతి చుక్కా తనంతట తానే వెలుగుతుంది కాబట్టి నలుపు నిజంగా నలుపుగా ఉంటుంది.

ఇక సినిమాకూ ఆటకూ తేడా. 1920 అడ్డం, 1080 నిలువు ఉన్న తెరలో 20,73,600 చుక్కలు ఉంటాయి. సినిమాలో ఆ బొమ్మలు ముందే తీసి ఉన్నాయి. సాధారణంగా సెకనుకు 24 బొమ్మలను విప్పి చూపిస్తే చాలు. ఆటలో అలా కాదు. మనం మీట నొక్కినదాన్ని బట్టి ప్రతి బొమ్మనూ గ్రాఫిక్స్ కార్డు అప్పటికప్పుడు లెక్కకట్టి తయారుచేయాలి. సెకనుకు 60 బొమ్మలు కావాలంటే ఒక్కోదానికి దొరికే సమయం సుమారు 17 మిల్లీసెకన్లే. అందులో పూర్తి కాకపోతే ఆట ఆగి ఆగి నడుస్తుంది. అది తెర తప్పు కాదు. ఒక్కోసారి బొమ్మ మధ్యలో చీలినట్టు కనబడటం మీరు గమనించే ఉంటారు. బొమ్మ పైనుంచి కిందికి వరుస వరుసగా తెరకు చేరుతుండగా మధ్యలో కొత్త బొమ్మ వచ్చి పడితే అలా అవుతుంది. అంటే ఈనాటి తెరలోనూ ఆ చాళ్ళ వరుసే నడుస్తోందన్నమాట.

మళ్ళీ ఫార్న్స్‌వర్త్ దగ్గరికి వద్దాం. 1930 ఆగస్టు 26న పేటెంటు చేతికి వచ్చింది. ఆ ఏడాదే ఆర్‌సీఏ అనే పెద్ద కంపెనీ తరఫున వ్లాదిమిర్ జ్వొరికిన్ ఆయన ప్రయోగశాల చూసి వెళ్ళాడు. తర్వాత కంపెనీ అధిపతి డేవిడ్ సార్నాఫ్ మొత్తం కొనేస్తానంటే ఫార్న్స్‌వర్త్ అమ్మలేదు. కెమెరా విషయంలో ముందు హక్కు ఎవరిదని పేటెంటు కార్యాలయంలో పెద్ద తగాదా నడిచింది. టోల్‌మన్ మేష్టారు వచ్చి, తన విద్యార్థి బడిలో గీసిన బొమ్మ గురించి సాక్ష్యం చెప్పారు. చివరికి తీర్పు ఫార్న్స్‌వర్త్ వైపు వచ్చింది. జ్వొరికిన్ కెమెరా తక్కువ వెలుతురులో మెరుగ్గా పనిచేసేదన్నది కూడా నిజమే, ఫార్న్స్‌వర్త్ గొట్టానికి చాలా వెలుతురు కావలసి వచ్చేది. అయినా 1939లో ఆర్‌సీఏ ఆయన పేటెంట్లు వాడుకున్నందుకు డబ్బు కట్టడానికి ఒప్పుకోక తప్పలేదు.

కానీ అదృష్టం నిలవలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో టీవీల తయారీ ఆగింది. యుద్ధం ముగిసి జనం టీవీలు కొనే రోజులు వచ్చేసరికి, 1947లో, ఆయన మూల పేటెంటు గడువు తీరిపోయింది. దిగులు, తాగుడు ఆయన్ని కుంగదీశాయి. 1957లో ఒక టీవీ కార్యక్రమంలో ఆయన రహస్యం ఏమిటో కనుక్కోమంటే, అక్కడ కూర్చున్న ప్రముఖులు ఈయనే టీవీని కనిపెట్టాడని చెప్పలేకపోయారు. 1969 జులైలో చంద్రుడి మీద మనిషి నడవడాన్ని మాత్రం భార్య పక్కన కూర్చుని టీవీలోనే చూశాడు. పడిన కష్టానికి అర్థం ఉందని ఆ రోజు ఆయనకు అనిపించిందట. 1971 మార్చి 11న 64 ఏళ్ళ వయసులో కన్నుమూశాడు.

మిత్రులారా, ఆయన ధనవంతుడిగా పోలేదు. తాగుడు వల్ల ఆయన ఏం పోగొట్టుకున్నాడో కూడా మనం చూడాలి. అయినా పద్నాలుగేళ్ళ కుర్రాడికి చాళ్ళలో కనిపించినది ఈనాటికీ నిజమే. నాగలి పట్టిన చేతికి సైన్సు అందదని ఎవరైనా అంటే మనం నమ్మనక్కర్లేదు. మీకు ఏదైనా ఆలోచన తడితే నోటుబుక్కులో తేదీ వేసి రాసుకోండి, వెళ్ళి మేష్టారికి చెప్పండి. ఇక మా వాదన ఇలా తేలింది. సినిమాకు మన రెండు తెరలూ చాలు. డబ్బు కూడితే ముందు కొనవలసింది కొత్త తెర కాదు, గ్రాఫిక్స్ కార్డు. పూర్వ విద్యార్థులైన అన్నలు ఈ మాట గమనించగలరని మనవి.