దుర్గాబాయి దేశ్‌ముఖ్

గోదావరీనది నాసికకు చేరువను పుట్టి, బొగ్గుగనులకు నెలవైన రామగుండము ప్రక్కగా ప్రవహించి, భద్రాచలమును దాటి, రాజమహేంద్రవరమున అఖండరూపము దాల్చుచున్నది. ఆ రాజమహేంద్రవరమున 1909వ సంవత్సరము జూలై 15వ తేదీన దుర్గాబాయి జన్మించెను. ఆమె తండ్రి రామారావు, తల్లి కృష్ణవేణమ్మ. వారి కుటుంబము కాకినాడలో నివసించుచుండెను. రామారావు సామాన్య సంసారియే యైనను పరోపకారపరాయణుడు. ఊరిలో కలరా, ప్లేగు వ్యాపించినపుడు బంధువులు సైతము రోగుల చెంతకు పోవ వెఱచుచుండగా, ఆయన వారికి పరిచర్యలు చేయుచుండెను. ఇట్టి తండ్రిని చూచుచు పెరిగిన దుర్గాబాయికి ఇతరుల కష్టము తన కష్టముగ తోచుట చిన్ననాటనే అలవడెను.

ఆ కాలమున బాల్యవివాహములు సర్వసాధారణములు. దుర్గాబాయికి ఎనిమిదవ యేటనే పెండ్లి చేసిరి. పెండ్లి యన నేమో ఆ పసిపిల్లకు తెలియదు. యుక్తవయస్సు వచ్చిన పిదప, తన మనస్సు దేశసేవయందే లగ్నమైనదనియు, తాను గృహిణిగా జీవింపజాలననియు ఆమె భర్తకు విన్నవించెను. ఆయన కోపింపక ఆమె కోరికను మన్నించెను. అనంతరకాలమున ఆయన మరణింపగా, ఆయన రెండవ భార్యకు దుర్గాబాయియే అండగా నిలిచి, జీవనోపాధి చూపెను. తెలియని వయస్సున ముడివేసిన బంధము ఎన్ని జీవితములను చిక్కులపాలు చేయునో ఆమె స్వానుభవమున గ్రహించెను.

1921వ సంవత్సరమున గాంధీమహాత్ముడు కాకినాడకు వచ్చుచున్నాడను వార్త వ్యాపించెను. దుర్గాబాయికి అప్పటికి పండ్రెండేండ్లైనను నిండలేదు. ఊరిలోని దేవదాసీ స్త్రీలును, ఘోషా పాటించు ముస్లిము స్త్రీలును మహాత్ముని దర్శించి ఆయన మాటలు వినినచో, తమ దురవస్థనుండి వెలువడుటకు వారికి ధైర్యము కలుగునని ఆమె తలంచెను. వెంటనే పెద్దలయొద్దకు పోయి, మహాత్ముని ఆ స్త్రీల సభకు తీసికొని రావలసినదని వేడెను. నిధికి అయిదువేల రూపాయలు సమర్పించినచో, కొద్ది నిమిషములు మాత్రము ఆయనను అచ్చట నిలుపగలమని వారు చెప్పిరి. బాలిక వెనుదీయలేదు. దేవదాసీ స్త్రీలే ఆ ధనమును సమకూర్చిరి. కొద్ది నిమిషములకై వచ్చిన మహాత్ముడు అరగంటకు పైగా వారితో గడపెను. స్త్రీలు తమ ఒంటిమీది నగలను తీసి ఆయనకు సమర్పించిరి. మహాత్ముని హిందీ ప్రసంగమును దుర్గాబాయి తెలుగున వినిపించెను. ఆమె పలుకుబడికి మెచ్చి ఆయన, తరువాత జరిగిన బహిరంగసభలో గూడ ఆమెచేతనే అనువాదము చేయించెను.

దేశప్రజలనందరిని కలుపు భాష హిందీ యని విశ్వసించి దుర్గాబాయి దానిని నేర్చి, బాలికలకు, వారి తల్లులకు నేర్పుటకై ఒక పాఠశాలను నెలకొల్పెను. 1923లో కాకినాడయందు కాంగ్రెసు మహాసభ జరిగినపుడు, ఆమె స్వచ్ఛందసేవికగా ఖద్దరు ప్రదర్శనశాల ద్వారమున నిలిచెను. టిక్కెట్టు లేనివారిని లోనికి విడువరాదని ఆమెకు ఆజ్ఞ. అంతలో జవహర్‌లాల్ నెహ్రూ పండితుడు వచ్చెను. ఆయనయొద్ద టిక్కెట్టు లేదు. బాలిక ఆయనను ఆపివేసెను. నిర్వాహకులు నొచ్చుకొని టిక్కెట్టు తెచ్చి యిచ్చిన పిమ్మటనే ఆమె దారి విడిచెను. నెహ్రూ ఆగ్రహింపక ఆమె కర్తవ్యనిష్ఠను కొనియాడెను. చట్టము పెద్దలకు పిన్నలకు ఒక్కటే యను భావము ఆమెయందు నాడే వేరూనియుండెను.

1930లో ఉప్పుసత్యాగ్రహము మొదలయ్యెను. మద్రాసులో నాయకులు నిర్బంధింపబడగా, దుర్గాబాయి ఉద్యమభారమును తన భుజములపై వేసికొనెను. 1930కిని 1933కిని నడుమ ఆమె పలుమారులు కారాగారశిక్ష ననుభవించెను. మదుర కారాగారమున ఆమెను ఏకాంతపు గదిలో నుంచిరి. దానివలన ఆమె ఆరోగ్యము మిక్కిలి చెడెను.

కాని, ఆమె జీవితమును మలుపు త్రిప్పినది తన బాధ కాదు. తోటి ఖైదీల బాధ. చెరసాలలో సామాన్యనేరములకు శిక్షపడిన స్త్రీలు పలువురుండిరి. వారిలో ననేకులకు తాము చేసిన నేరమేమో, దానికి చట్టమున గల శిక్షయేమో, తమకు గల హక్కులేమో తెలియదు. చదువు రాదు, తమ పక్షమున మాటలాడువారు లేరు. వారి కథలు విని దుర్గాబాయి హృదయము ద్రవించెను. ఇట్టివారికి కన్నీరు తుడుచుట మాత్రమే చాలదనియు, చట్టము తెలిసి వారి పక్షమున వాదించువారు కావలెననియు ఆమె నిశ్చయించుకొనెను. చెరనుండి వెలువడిన పిదప ఆమె న్యాయశాస్త్రమును చదువదలంచెను.

ఆ తలంపు నెరవేరుట సులభము కాదు. అప్పటికామెకు ఇరువదినాలుగేండ్లు. మెట్రిక్యులేషనైనను పూర్తికాలేదు. ఇంటిలో పట్టుదలతో చదివి, కాశీ హిందూవిశ్వవిద్యాలయము పరీక్షలలో ఉత్తీర్ణురాలయ్యెను. పిదప ఆంధ్ర విశ్వవిద్యాలయమున రాజనీతిశాస్త్రము చదువుటకై వాల్తేరు పోగా, స్త్రీలకు వసతిగృహము లేదని ఉపాధ్యక్షుడు కట్టమంచి రామలింగారెడ్డి ఆమెను చేర్చుకొనుటకు సందేహించెను. దుర్గాబాయి నిరాశపడి మరలిపోలేదు. చదువగోరు మరికొందరు యువతులను కూర్చుకొని, వారితో కలసి ఒక వసతిగృహమును తానే నడపెను. అడ్డంకి తొలగెను. ఆమెకును, ఆమెవంటి ఇతరులకును ప్రవేశము లభించెను. అనంతరము మద్రాసులో న్యాయశాస్త్రమభ్యసించి, 1942లో న్యాయవాదవృత్తి నవలంబించెను.

తాను పడిన ప్రయాస తోటి స్త్రీలు పడరాదని ఆమె కోరిక. మద్రాసులోని తన యింటి చుట్టుప్రక్కల స్త్రీలను చేరదీసి, చదువు, కుట్టుపని మున్నగునవి నేర్పసాగెను. ఆ చిన్న ప్రయత్నమే 1937లో ఆంధ్ర మహిళాసభగ రూపొందెను. బాల్యమున చదువు మానిన స్త్రీలను కొద్దికాలములోనే పరీక్షలకు సిద్ధపఱచుట ఆ సంస్థ ప్రత్యేకత. కాలక్రమమున పాఠశాలలు, ఆసుపత్రులు, కళాశాలలు దానినుండి వెలసినవి.

1946లో భారత రాజ్యాంగమును నిర్మించుటకై రాజ్యాంగపరిషత్తు ఏర్పడెను. దుర్గాబాయి మద్రాసు రాష్ట్రమునుండి దానికి ఎన్నికయ్యెను. ఆ మహాసభలో స్త్రీలు పదునైదుగురు మాత్రమే. అధ్యక్షుడు లేని వేళల సభను నడుపుటకై ఏర్పరచిన అధ్యక్షవర్గమున ఆమె యొక్కతెయే స్త్రీ. స్వాతంత్ర్యము వచ్చిన పిదప ఈ పరిషత్తే దేశమునకు శాసనసభగ గూడ పనిచేసెను. 1950నుండి 1952లో ఎన్నికలైన పార్లమెంటు ఏర్పడువఱకు తాత్కాలిక పార్లమెంటుగ నుండెను.

చట్టము ఒక్కనాట పుట్టునది కాదు. ముందుగా ముసాయిదాను సభ ముందుంచుదురు. సభ్యులు దానిలో ఒక్కొక్క మాటను పరిశీలింతురు, సవరణలు ప్రతిపాదింతురు, అనుకూలురును, ప్రతికూలురును వాదింతురు. తుదకు అధికసంఖ్యాకుల యభిప్రాయము నెగ్గును. ఒక్క మాట మారిన కోట్లకొలది ప్రజల బ్రదుకులు మారవచ్చును. ఈ సత్యమును దుర్గాబాయి బాగుగ నెఱిగినది. సర్వజనులకు సంబంధించిన హిందూ ధర్మసంస్థలను హిందువులలో ఏదేని యొక తరగతికి తెరచుటకు చట్టము చేయవచ్చునని ముసాయిదాలో నుండగా, అన్ని తరగతులకును అని మార్చవలెనని ఆమె సవరణ ప్రతిపాదించెను. నేటి రాజ్యాంగపు 25వ అధికరణమున అన్ని తరగతులు అను మాటయే నిలిచియున్నది. రాజ్యసభ సభ్యత్వమునకు ముప్పదియైదేండ్లు నిండవలెనని యుండగా, జ్ఞానము వయస్సును బట్టి మాత్రమే వచ్చునది కాదని వాదించి, దానిని ముప్పదికి తగ్గింపవలెనని ఆమె కోరెను. సభ అంగీకరించెను. నేటికిని ఆ నియమమే అమలులో నున్నది.

ఆమె పక్షము ప్రతిసారి నెగ్గలేదు. 1949 సెప్టెంబరులో దేశమునకు అధికారభాష ఏదియను చర్చ తీవ్రముగ సాగెను. దక్షిణదేశమున హిందీని ప్రచారము చేసిన దుర్గాబాయి హిందీ పక్షమునే పూర్తిగా వహించునని పలువురు తలంచి యుందురు. కాని, కొందరి అత్యుత్సాహము వలన దక్షిణాదివారికి ఆ భాషపై విముఖత కలుగుచున్నదని ఆమె నిర్మొగమాటముగ చెప్పెను. హిందీ ఉర్దూ పదములు కలసిన హిందుస్థానీయే ప్రజలకందరకు సులభమని ఆమె వాదము. సభ దేవనాగరిలిపితో హిందీని అంగీకరించి, ఇంగ్లీషును పదునైదేండ్లు కొనసాగించుటకు నిర్ణయించెను. హిందుస్థానీ పదములను, పద్ధతులను గూడ హిందీ గ్రహింపవలెనని మఱియొక అధికరణమున చేర్చెను. తనకు ప్రియమైన కార్యమునందైనను ప్రజల భయములను దాచక సభకు తెలుపుట ప్రతినిధి ధర్మమని ఆమె ప్రవర్తన చాటుచున్నది.

ఆమె మనస్సునకు మిక్కిలి సన్నిహితమైనది హిందూ కోడ్ బిల్లు. ఆనాడు తండ్రి ఆస్తిలో కుమారునితో సమానముగ కుమార్తెకు హక్కు లేదు. భర్త ఆస్తి వితంతువునకు లభించినను, ఆమె బ్రతికియున్నంతవఱకు అనుభవింపవచ్చునే కాని స్వేచ్ఛగ విక్రయింపరాదు. పురుషుడు ఎందరినైనను వివాహమాడవచ్చును. ఈ లోపములను తొలగించుటకై న్యాయశాఖామంత్రి అంబేద్కరు బిల్లును నడిపించెను. ధర్మము చెడునని పలువురు ప్రతిఘటించిరి. దుర్గాబాయి బిల్లును గట్టిగ సమర్థించెను. చెరసాలలో మూగలై కూర్చున్న స్త్రీల పక్షమున వాదింపవలెనను ఆమె సంకల్పము దేశపు అత్యున్నతసభలో ఇట్లు నెరవేరెను. ఐనను ఏండ్లకొలది చర్చ జరిగియు 1951లో బిల్లు నిలిచిపోయెను. అంబేద్కరు మంత్రిపదవికి రాజీనామా చేసెను. తరువాత 1955, 1956 సంవత్సరములలో అదే విషయము వేరువేరు చట్టములుగ విభజింపబడి ఆమోదము పొందెను. కుమార్తెలకు పిత్రార్జితమున పుట్టుకతోనే సమానహక్కు నిచ్చునట్టి 1986 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టమును, 2005 నాటి కేంద్రసవరణయు ఆ బాటలోనివే.

1952 సాధారణ ఎన్నికలలో దుర్గాబాయి ఓడిపోయెను. సభలో అంతగా పనిచేసిన వారికి ఇది కష్టముగ తోచును. కాని ప్రజల తీర్పును ఆమె శిరసావహించెను. పనిని మాత్రము విడువలేదు. ప్రణాళికాసంఘ సభ్యురాలుగ నియమింపబడి, సాంఘికసంక్షేమమునకు ప్రణాళికలో చోటు కల్పించెను. 1953 జనవరిలో ఆర్థికమంత్రి చింతామణి దేశ్‌ముఖ్‌ను వివాహమాడెను. అదే సంవత్సరము కేంద్ర సాంఘికసంక్షేమ మండలి ఏర్పడగా, దానికి మొదటి అధ్యక్షురాలయ్యెను. స్త్రీలకు, శిశువులకు, వికలాంగులకు సేవచేయు సంస్థలకు ఆ మండలి ద్వారా ధనసహాయము లభించెను. నడివయస్సున చదువు తిరిగి ప్రారంభించు స్త్రీలకు సంగ్రహవిద్యాక్రమము గూడ మొదలయ్యెను. ఆంధ్ర మహిళాసభలో చిన్నగా పరీక్షించిన ఉపాయమే ఇట్లు దేశమంతట వ్యాపించెను. 1958లో స్త్రీవిద్యను గూర్చి ఏర్పడిన జాతీయసంఘమునకు గూడ ఆమె అధ్యక్షత వహించెను.

1953లో ఆమె చీనాదేశమును దర్శించినపుడు అచ్చటి కుటుంబన్యాయస్థానముల పద్ధతిని పరిశీలించెను. భార్యాభర్తల తగవులు, బిడ్డల పోషణ మున్నగు విషయములు మామూలు న్యాయస్థానములలో ఏండ్లతరబడి నలుగుట ఆమె ఎఱుగును. మనదేశమున గూడ ప్రత్యేక న్యాయస్థానములు కావలెనని ప్రధానితోను, న్యాయమూర్తులతోను ఆమె చర్చించెను. అది ఆమె జీవితకాలమున నెరవేరలేదు. 1984లో పార్లమెంటు కుటుంబన్యాయస్థానముల చట్టమును ఆమోదించెను. అప్పటికి ఆమె కన్నుమూసి మూడేండ్లయ్యెను.

1975లో భారతప్రభుత్వము ఆ దంపతులిరువురకు పద్మవిభూషణ బిరుదము నొసంగెను. 1981వ సంవత్సరము మే 9వ తేదీన దుర్గాబాయి పరమపదించెను. హైదరాబాదునందును, మద్రాసునందును ఆమె నాటిన సంస్థలు నిలిచియున్నవి.

దుర్గాబాయి సభలో గెలిచినవియు గలవు, ఓడినవియు గలవు. గెలిచిన మాటలు రాజ్యాంగమున స్థిరపడినవి. ఓడిన మాటలలో కొన్ని కాలము గడచిన పిదప చట్టములైనవి. తన దుఃఖమును చెప్పుకొనజాలని వాని మాటను సభలో వినిపించుటయే ప్రజాప్రతినిధి కర్తవ్యము. చదువు, ధైర్యము, ఓర్పు ఈ మూడును కలిసినచో సామాన్యురాలైన బాలికయైనను ఆ కర్తవ్యమును నెఱవేర్పగలదని ఆమె జీవితము మనకు బోధించుచున్నది.