గురు అమరదాసు – నిత్యజీవితమున నియమము

నియమము అనగానే పెక్కుమందికి ఉపవాసములు, తీర్థయాత్రలు, మడి, మౌనము జ్ఞప్తికి వచ్చును. ఇవి యన్నియు కొన్ని దినములకు పరిమితమైనవి. పండుగ గడచిన మఱునాడు మనుష్యుడు మునుపటివలెనే ఉండుట లోకమున తఱచుగా చూచుచున్నదే. వేకువను లేచినది మొదలు రాత్రి పరుండువఱకు చేయు పనులన్నిటిని ఒకే సూత్రమున గ్రుచ్చి, ఇల్లు విడువక, వృత్తి మానక, ఆ సూత్రమును కడవఱకు పట్టుకొనుట మిక్కిలి కష్టము. సిక్కు మతమున ఇట్టి నిత్యనియమమునకు రూపము కల్పించిన మహనీయులలో మూడవ గురువగు అమరదాసు ముఖ్యుడు. ఆయన ఈ మార్గమున అడుగిడునాటికి అరువదేండ్లు దాటినవి. సామాన్యులు ఇక చేయవలసినదేమియు లేదని కాళ్లు చాచుకొని కూర్చుండు వయస్సది.

అమరదాసు 1479వ సంవత్సరమున పంజాబునందు, నేటి అమృతసరమునకు సమీపమున గల బాసర్కే గ్రామమున జన్మించెను. తండ్రి తేజ్ భాను. వారిది ఖత్రీలలో భల్లా వంశము. సేద్యము, వర్తకము ఆ యింటి జీవనాధారములు. అమరదాసునకు మనసాదేవితో వివాహమయ్యెను. మోహన్, మోహ్రీ అను కుమారులును, దాని, భాని అను కుమార్తెలును కలిగిరి. ఆయన వైష్ణవాచారపరుడు. ఏటేట కాలినడకన హరిద్వారమునకు పోయి గంగాస్నానము చేసి వచ్చెడివాడు. ఇట్లు ఇరువది పర్యాయములు పోయి వచ్చెనని సిక్కు సంప్రదాయము చెప్పుచున్నది. ఒకసారి త్రోవలో తోడైన సాధువొకడు ఆయన చేతి వంట తిని, పిదప ఆయనకు గురువు లేడని తెలిసికొని, తన యాత్రాఫలము వ్యర్థమయ్యెనని విలపించుచు వెడలిపోయెనట. ఆ మాట అమరదాసు మనస్సున ముల్లువలె నాటుకొనెను. ఇరువదియేండ్ల యాత్రలు తీర్పజాలని వెలితి యేదో తనలో నున్నదని ఆయనకు తోచెను.

ఆయన తమ్ముని కోడలు అమ్రో. ఆమె సిక్కుల రెండవ గురువగు అంగదుని కుమార్తె. ఒకనాటి వేకువజామున ఆమె మజ్జిగ చిలుకుచు గురు నానకుని కీర్తనమును పాడుచుండగా అమరదాసు వినెను. పాట ముగిసినను ఆయన కదలలేదు. మరల పాడుమని కోరెను. ఇంటిపని చేయుచునే ఒక కోడలిపిల్ల దైవస్మరణ చేయుచున్నది. తాను వందల మైళ్లు నడచి వెదకినది తన యింటి పెరటిలోనే వినబడుచున్నది. ఆ కీర్తనమును రచించిన మహాత్ముని పీఠమున తన తండ్రియే ఖడూరు గ్రామమున నున్నాడని ఆమె తెలుపగా, అమరదాసు ఆమెను వెంటబెట్టుకొని ఖడూరునకు పోయెను.

ఇచ్చట ఒక లౌకికమైన చిక్కు కలదు. అంగదుడు వరుసకు వియ్యంకుడు. పైగా 1504లో జన్మించినవాడు. అనగా అమరదాసుకంటె ఇరువదియైదేండ్లు చిన్నవాడు. మగపిల్లవాని వైపు పెద్దవానికి పిల్లనిచ్చినవారి యింట ఎంతటి గౌరవము జరుగునో వేఱుగ చెప్పనక్కఱలేదు. అంగదుడును ఆ మర్యాద ననుసరించియే ఎదురేగి ఆలింగనము చేసికొనబోయెను. అమరదాసు మాత్రము వంగి ఆయన పాదములకు మ్రొక్కెను. వయస్సు, వంశము, వియ్యపు మర్యాద ఆ క్షణమున అచ్చటనే విడిచెను. ఆయన సాధించిన నియమములలో మొదటిది ఇదియే. అన్నిటికంటె కఠినమైనదియు ఇదియే.

అప్పటినుండి సుమారు పండ్రెండేండ్లు అమరదాసు ఖడూరున సేవ చేసెను. తెల్లవారుటకు చాల ముందే లేచి, కొన్ని మైళ్ల దూరమున నున్న బియాస్ నదికి పోయి, గురువు స్నానమునకై బిందెడు నీరు తలపై మోసికొని వచ్చెడివాడు. పిదప వంటశాలకు కట్టెలు తెచ్చుట, నీరు తోడుట, అంట్లు తోముట ఆయన పనులు. ఎండయైనను, వానయైనను, పంజాబు దేశపు గడ్డకట్టించు చలియైనను ఈ క్రమము తప్పలేదు. ఒక తుపాను రాత్రి నీటిబిందెతో వచ్చుచు చీకటిలో సాలెవాని మగ్గపు గుంటవద్ద కాలు తగిలి పడెను. బిందెను మాత్రము పడనీయలేదు. ఆ చప్పుడునకు మేల్కొన్న సాలెవాని భార్య, ఇల్లు వాకిలి లేని అమరుడై యుండునని ఈసడించెనట. ఈ వార్త విన్న అంగదుడు, నిలువనీడ లేనివారికి అమరదాసే నీడయని సభలో ప్రకటించి, 1552వ సంవత్సరమున ఆయననే తన యనంతరము గురువుగా నిర్ణయించి తానే మ్రొక్కెను. అప్పటికి అమరదాసునకు డెబ్బదిమూడేండ్లు.

పదవి వచ్చిన పిమ్మట నియమము నిలుచునా లేదా యనునది తెలియును. అంగదుని కుమారుడగు దాతు, తండ్రి పీఠము తనకు రాలేదను కోపమున, నిండుసభలో అమరదాసును కాలితో తన్నెను. వృద్ధగురువు లేచి, తన ముదుసలి యెముకలు గట్టిపడియున్నవి గాన ఆ పాదమునకు నొప్పి కలిగియుండునని దాతుని పాదము నొత్తెనని సంప్రదాయము. ఆ రాత్రియే వాదులాట కిష్టపడక స్వగ్రామమగు బాసర్కేకు పోయి, ఊరిబయట ఒక గదిలో తలుపు మూసికొని ధ్యానమున కూర్చుండెను. తలుపు తెఱచినవాడు తన శిష్యుడు కాడని దానిపై వ్రాయించెను. శిష్యులు బాబా బుడ్ఢా అను పెద్దను ముందిడుకొని వెదకుచు అచ్చటికి వచ్చిరి. గురువాజ్ఞ మీరరాదు, గురువు లేక సంఘము నిలువదు. బుడ్ఢా తలుపును ముట్టక గోడకు కన్నము త్రవ్వి లోనికి పోయి గురువును ప్రార్థించెను. వారి ప్రేమకు వశుడై అమరదాసు మరల సంఘమధ్యమునకు వచ్చెను. బాసర్కేలో ఆ కన్నము పేరనే నేటికిని ఒక గురుద్వారము కలదు.

బియాస్ నదీతీరమున గోయింద్వాల్ అను గ్రామము ఆయనకు నివాసమయ్యెను. అచ్చట ఆయన పెట్టిన మొదటి కట్టుబాటు భోజనమునకు సంబంధించినది. గురుదర్శనము కోరి వచ్చిన వారెవరైనను మొదట పంక్తిలో కూర్చుండి లంగరునందు, అనగా ఉమ్మడి వంటశాలయందు, భుజింపవలెను. ఆ పిదపనే సభలో ప్రవేశము. లంగరును ప్రారంభించినది గురు నానకుడు. అంగదుని కాలమున దానిని ఆయన భార్య ఖీవీ శ్రద్ధతో నడపెను. దానిని దాటరాని గడపగా చేసినది అమరదాసు. ఆ కాలమున ఎవరి ప్రక్కన కూర్చుండవచ్చును, ఎవరి చేతి నీరు త్రాగవచ్చును అను విషయములలోనే కులభేదము గట్టిగా పాతుకొని యుండెను. సమత్వమును గూర్చి ఎన్ని ఉపన్యాసములు వినినను, ఇరుగుపొరుగున కూర్చుండి ఒకే కుండలోని అన్నము తిననంతవఱకు అది మాటగానే మిగులును. అందుచే ఆయన ముందు చేతను పెట్టి, తరువాత బోధను పెట్టెను. ఏనాడు వచ్చిన పదార్థము లానాడే వడ్డింపవలెను, మఱునాటికి దాచరాదు. అతిథులకు చక్కని భోజనము పెట్టించి, తాను మాత్రము ముతక ఆహారముతో తృప్తిపడెడివాడు.

అక్బరు చక్రవర్తి లాహోరు మార్గమున గోయింద్వాలునకు వచ్చినప్పుడును ఈ నియమము సడలలేదని సిక్కులు చెప్పుకొందురు. చక్రవర్తియు సామాన్యులతోపాటు పంక్తిలో భుజించి, పిదప గురువును దర్శించి, లంగరు ఖర్చులకై భూములిత్తునని పలికెను. అమరదాసు అంగీకరింపలేదు. శిష్యులు చెమటోడ్చి సంపాదించినదానిలో ఇచ్చిన భాగముతోనే ఆ పొయ్యి మండవలెనని ఆయన యభిప్రాయము. రాజు దానముతో సాగు వంటశాలలో పేదవాడు అతిథి మాత్రమే యగును. తాను తెచ్చిన పిడికెడు పిండితో సాగు వంటశాలలో అతడును గృహస్థుడే.

రెండవది నీరు. అమరదాసు గోయింద్వాలున గొప్ప దిగుడుబావిని త్రవ్వించెను. దీనిని బావులి యందురు. నీటివఱకు ఎనుబదినాలుగు మెట్లు కలవు. నేటికిని యాత్రికులు స్నానము చేయుచు, ఒక్కొక్క మెట్టుపై గురు నానకుని జపుజీని పారాయణము చేయుదురు. పండ్రెండేండ్లు నీరు మోసినవాడు జనులందరకు నీరు సమకూర్చెను. కులమును బట్టి వేఱు వేఱు బావులున్న కాలమున, అందరును దిగి స్నానము చేయదగిన బావి ఇది.

స్త్రీల విషయమున ఆయన మాట స్పష్టము. సహగమనమును ఆయన ఖండించెను. చితిపై కాలిన స్త్రీ సతి కాదనియు, భర్తృవియోగమును ఓర్చుకొని శీలముతో, సంతృప్తితో జీవించునదియే సతియనియు తన పద్యములలో బోధించెను. సభకు వచ్చు స్త్రీలు ముసుగు వేసికొనరాదనెను. దర్శనమునకు వచ్చిన రాణివాసమునకును ఈ కట్టడ వర్తించెను. వితంతువుల పునర్వివాహమును ప్రోత్సహించెను. దూరప్రాంతములందలి శిష్యుల కొఱకు మంజీలను పేర ఇరువదిరెండు ధర్మకేంద్రముల నేర్పఱచెను. బోధకార్యమున స్త్రీలకును స్థానమిచ్చెను. వైశాఖీ, దీపావళి దినములలో శిష్యులందరు ఒకచోట చేరవలెనని నియమించెను. ఈ మార్పులను సహింపని కొందఱు ఆయన కులధర్మమును చెఱుపుచున్నాడని అక్బరునకు మొఱపెట్టిరి. గురువు తన యల్లుడగు జేఠాను లాహోరునకు పంపగా, అతడు ఆస్థానమున శాంతముగా సమాధానము చెప్పివచ్చెను. ఆ మొఱ నిలువలేదు.

ఈ జేఠా 1534లో లాహోరున జన్మించి, చిన్ననాటనే తల్లిదండ్రులను కోల్పోయి, గుగ్గిళ్లమ్ముకొని బ్రతికిన బాలుడు. గురువు తన చిన్న కుమార్తె భానిని ఇతనికిచ్చెను. వార్ధక్యమున వారసుని నిర్ణయించుటకై అమరదాసు ఇద్దఱల్లుండ్రను పిలిచి, బావులివద్ద చెఱియొక అరుగు కట్టుడనెను. కట్టినవి బాగులేవని పడగొట్టించి మరల కట్టుడనెను. పెద్దల్లుడగు రామా కొన్నిమారులు కట్టి, వృద్ధుడు మతిదప్పి మాటాడుచున్నాడని విసిగి మానెను. జేఠా ఏడుమారులు కట్టెను. ప్రతిమారును తప్పు తనదే యని క్షమాపణ కోరెను. అతడే నాల్గవ గురువగు రామదాసు, అమృతసర నగరనిర్మాత. కుమారులుండగా సేవకే పీఠము దక్కెను. మోహ్రీ ఆ నిర్ణయమునకు వెంటనే తలవంచెను.

అమరదాసు రచనలు ఎనిమిది వందలకు పైగా గురు గ్రంథ సాహిబునందు కలవు. వానిలో రామకలీ రాగమున నలువది చరణములుగా రచింపబడిన ఆనందు ప్రసిద్ధము. సిక్కుల శుభకార్యములన్నిటను, సభాంతమునను దానిలో మొదటి యైదు చరణములను, చివరి చరణమును పాడుట ఆచారము. ఆయన మనుమడు సహంసరాము వ్రాసిన కీర్తనసంపుటములు, 1604లో ఐదవ గురువగు అర్జునుడు ఆదిగ్రంథమును కూర్చినప్పుడు ఆధారములలో కొన్నిగా నిలిచినవి.

తరువాతివారు ఈ పునాదిపైననే కట్టిరి. వేకువను లేచి స్నానము చేసి నామస్మరణ చేయుట, పగలు పనులలోను ఆ స్మరణను విడువకుండుట అను దినచర్యను రామదాసు తన కీర్తనములో నిరూపించెను. 1699లో పదవ గురువగు గోవిందసింహుడు ఖాల్సాను స్థాపించి, కేశములు, దువ్వెన, ఇనుప కడియము, కృపాణము, లాగు అను ఐదు చిహ్నములను విధించెను. 1945లో శిరోమణి గురుద్వారా ప్రబంధక సమితి ఆమోదించిన రహత్ మర్యాద యను నియమావళి ననుసరించి సిక్కులు వేకువను జపుజీ మొదలగు వానిని, సాయంకాలమున రహిరాసును, పరుండబోవునప్పుడు సోహిలాను పఠింతురు. న్యాయమైన వృత్తి చేయుట, నామము జపించుట, ఉన్నదానిని పంచుకొని తినుట అను మూడును వారి జీవితమునకు మూలస్తంభములు. ఇందులో ఏదియు ఇల్లు విడిచి చేయవలసినది కాదు. గోదావరీ తీరమున నాందేడునందలి గురుద్వారమున నేటికిని ధనికుడును, కూలివాడును ఒకే పంక్తిలో నేలపై కూర్చుండి భుజించుచున్నారు. గోయింద్వాలున నాలుగు వందల యేండ్లకు పూర్వము వేసిన పంక్తి ఇంకను లేవలేదు.

1574వ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీన అమరదాసు తొంబదియైదవ యేట దేహమును విడిచెను. ఆయన మునిమనుమడు సుందరుడు ఆ తుదిఘడియలను వర్ణించి రచించిన కీర్తనము గురు గ్రంథ సాహిబున చేర్చబడినది. తన వెనుక ఎవరును విలపింపరాదనియు, దానికి బదులు భగవత్కీర్తనము చేయుడనియు ఆయన కుటుంబమువారి నాజ్ఞాపించెను. వేకువ నీటిబిందెతో మొదలైన నియమము మరణశయ్యవద్దను తప్పలేదు. వయస్సు మీఱినదనియు, కాలము చేజారినదనియు నిరుత్సాహపడు గృహస్థునకు ఈ చరిత్ర ధైర్యమిచ్చును. అరువదేండ్ల పిదప మొదలిడినవానికి సాధనకై ముప్పదియేండ్లకు పైగా లభించినవి. అందులో ఒక్క వేకువనైన ఆయన వ్యర్థము చేయలేదు.