పోకుంట ఉండిపోయిన డాక్టరమ్మ

మా మొగుడంపల్లి దిక్కు తెల్లోళ్లను సూసుడు కొత్తేం కాదు. పస్తాపూర్‌ల డీడీఎస్ సంఘాల అక్కలు చేసే చిరుధాన్యాల ఎవుసం సూడనీకి ఏండ్ల సంది దేశదేశాల నుంచి వస్తనే ఉన్నరు. సంచి బుజానేసుకొని ఎర్ర చెల్కల నడుమ నడుస్తరు, జొన్నరొట్టె కొట్టుడు నేర్సుకుంటరు, చెట్టు కింద కూసోని బుక్కుల రాసుకుంటరు. పదిహేను రోజులకో మూడు నెల్లకో పోతరు. మంచోళ్లే. నేను గూడ చిన్నప్పుడు ఒకామె ఎంబడి పొద్దంత తిరిగిన. ఆమె పోయినంక రెండు రోజులు ఆ ముచ్చటనే చెప్పుకున్నం, తర్వాత మర్సిపోయినం. ఆమె గూడ మర్సిపోయే ఉంటది. దాంట్ల ఎవరి తప్పు లేదు.

మరి పోకుంట ఉండిపోయినోళ్లు ఎవరన్న ఉన్నరా అంటే, మన పాత మెదక్ జిల్లాల ఎవరినడిగినా పాస్నెట్ దొర పేరే చెప్తరు. కరువు కాలంల పని చూపెట్టి, కడుపుకింత అన్నం పెట్టి మెదక్ చర్చి కట్టించిండని. 1924 డిసెంబర్ 25న తెరిసిన ఆ చర్చి ముందల ఇయ్యాలటికీ దినాం వందల మంది పోటోలు దిగుతరు. అయితె అదే మెథడిస్టు మిషన్ కెల్లి వచ్చిన ఇంకొకామె ఉంది. ఆమె పెట్టిన జాగ ముందల ఎవరూ సెల్ఫీ దిగరు. ఇందూరు దిక్కు, డిచ్‌పల్లిల తెలిసిన పేరే గని మన దిక్కు పిల్లలకు ఎర్క లేదు. ఆమె ఇసబెల్ కెర్.

1875ల స్కాట్లాండ్‌ల ఒక రైతు ఇంట్ల పుట్టింది. అంటే మనలెక్కనే కాపోళ్ల బిడ్డ. ఆడపిల్ల డాక్టర్ చదువుడు గప్పుడు అక్కడ గూడ కొత్త సంగతే. ఆమె ఆబర్డీన్ యూనివర్సిటీల చదివి 1903ల డాక్టరయ్యింది. జార్జ్ కెర్ అనే పాస్టర్‌ను పెండ్లి చేసుకుంది. 1907ల మొగడు పెండ్లాలు ఇద్దరు మిషన్ తరఫున హైదరాబాద్ సంస్థానానికి వచ్చిండ్రు. ఆరో నిజాం ఏలుతున్న కాలం.

మతం చెప్పనీకే వచ్చిండ్రు గదా అని కొందరంటరు. మిషన్ పంపితె వచ్చినోళ్లు, మతం చెప్పకుంట ఎట్లుంటరు? దాన్ని దాసుడెందుకు. గని ఒక మనిషి వచ్చిన కారణం ఒకటైతది, ఉండిపోయిన కారణం ఇంకొకటైతది. ఇసబెల్ ఉండిపోయిన కారణం కుష్టు.

మన ఊర్లల్ల దాని పేరు గూడ పలుకకపోతుండె. పెద్దరోగం అని మెల్లగ అనేటోళ్లు. మా తాత ఒక ముచ్చట చెప్తుండె. ఆయన పిలగాడుగున్నప్పుడు ఒకాయనకు ఏళ్లు వంకర పోయినయట. ఇంటోళ్లే ఊరవతల చెల్క కొసకు గుడిసె ఏసిచ్చిండ్రు. రోజు పొద్దుగూకినంక పెండ్లాం పోయి బండ మీద రొట్టె పెట్టి, దూరం జరిగి నిలబడేదట. ఆయన తినేదాక అట్లనే నిలబడి, అప్పుడు ఇంటికొచ్చేదట. మా తాతకు ఆయన పేరు యాదికి లేదు, ఆ బండ మాత్రం యాదికుంది.

గది ఒక్క మా ఊరి కథ కాదు. పక్కన బ్రిటిషోళ్ల ఇలాఖల 1898ల ఒక చట్టమే చేసిండ్రు. బిచ్చమెత్తుకునే కుష్టు మనిషి కనబడితె పోలీసోడు వారంటు లేకుంటనే పట్టుకొని పోవచ్చు. ఆ రోగం సూక్ష్మజీవితోని వస్తదని నార్వే డాక్టర్ హాన్సెన్ 1873లనే కనిపెట్టిండు. ఏం లాభం, శాపమనీ పాపమనీ నమ్ముడు అట్లనే సాగింది.

ఇందూరుకు వచ్చి మామూలు జరాలు, కాన్పులు సూస్తున్న ఇసబెల్‌కు ఒకటి సమజైంది. ఇంత మంది కుష్టు మనుషులున్నరు, వీళ్లకు ఒక్క జాగ గూడ లేదు. 1911ల నిజామాబాద్‌ల వాళ్ల కోసమే ఒక కేంద్రం తెరిసింది. తెరిసినంక జనం ఆగలే. ఉన్న జాగకు మించి వచ్చుడు మొదలైంది. ఏ ఊర్లె బతకనియ్యరో, వాళ్లకు ఒక్క తలుపు తెరిసిందంటె ఇగ ఎట్లుంటది చెప్పుండ్రి.

ఇక్కడ ఒక మనిషి పేరు తప్పకుంట చెప్పాలె. రాజా నర్సాగౌడ్. క్రిస్టియన్ కాదు, తెల్లోడు కాదు, మన గౌడే, హిందువు. దవాఖాన పెద్దగ కట్టనీకి పైసలిచ్చింది ఆయన. 1915ల డిచ్‌పల్లిల కొత్త దవాఖాన అయ్యింది. అంతా తెల్లోళ్లే చేసిండ్రని కొందరు, తెల్లోళ్లు చేసిందేంది అని ఇంకొందరు కొట్లాడుకుంటరు గని, ఇద్దరికీ నర్సాగౌడ్ యాదికి రాడు. నాకు కోపమొచ్చేది అక్కడనే.

ఇగ అక్కడ దినం ఎట్ల గడిసేదో జరంత నిమ్మళంగ చెప్పుకుందాం. అప్పుడు కుష్టుకు ఉన్నది ఒక్కటే మందు, నూనె. అడవిబాదం జాతి చెట్ల గింజల నూనె, చాల్‌మోగ్రా అనేటోళ్లు. వెనకటి నుంచి మన వైద్యులకు తెలిసిందే. తాగితె కడుపుల నిలువదు, కక్కొస్తది. అందుకని కలకత్తాల లియొనార్డ్ రోజర్స్, ఎర్నెస్ట్ మ్యూర్ అనే డాక్టర్లు దాన్ని సూదిల ఎక్కించే పద్ధతి తయారు చేసిండ్రు. ఇసబెల్ డిచ్‌పల్లిల ఆ పద్ధతి పట్టుకుంది. నూనె సూది అంటే మాటలా? చిక్కగుంటది, లోపలికి దిగది, దిగినంక గడ్డ కడ్తది, నొస్తది. ఒకటి రెండు సూదులతోని అయిపోయేది గూడ కాదు. నెలలు, ఏండ్లు. రోగి నడుమల ఇడిసిపెట్టి పోతె మళ్ల మొదటికొస్తది.

అంటే డాక్టర్ ఎంత చదివిందన్నది ఒక్కటే సరిపోదు. ఇంటోళ్లే ముట్టని మనిషి చెయ్యి పట్టుకొని నొప్పి సూది ఇచ్చి, వచ్చే వారం మళ్ల రా అంటే ఆ మనిషి రావాలె. గట్ల రావాలంటె ఆ డాక్టర్ గూడ వచ్చే వారం అక్కడనే ఉండాలె, వచ్చే ఏడు గూడ ఉండాలె. పదిహేను రోజులకు వచ్చి పొయ్యేటోళ్లతోని అయ్యే పని కాదిది. వాళ్లను తక్కువ చేసి అనుడు కాదు, పని అసుంటిది.

మ్యూర్ పద్ధతిల ఇంకొక సంగతుంది. నూనె ఒక్కటే మందు కాదు. కడుపు నిండ తిండి, ఒళ్లు వంచి పని, కొంకి పురుగులు, మలేరియా అసుంటి వేరే రోగాలుంటె ముందుగాల అవి తగ్గించుడు, ఇవన్నీ మందుల భాగమే. పని చేస్తె ఒళ్లుకు బలం, మనసుకు గూడ బలం. ఇన్నేండ్లు ఊరవతల బండ మీద పెట్టిన రొట్టె తిన్న మనిషికి ఒక పని అప్పజెప్పుడు ఎంత పెద్ద సంగతో మనకు ఊహకు గూడ అందది. ఆశ్రమాలంటె అప్పటిదాక సచ్చేదాక పడి ఉండే జాగలు. సూది పద్ధతి వచ్చినంక, ముందుగాల వచ్చిన రోగి బాగై ఇంటికి పోవచ్చన్న ఆశ పుట్టింది. నా లెక్కల డిచ్‌పల్లి గొప్పతనం అదే.

1923ల సర్కార్ ఆమెకు కైసర్-ఇ-హింద్ పతకం ఇచ్చింది. 1932ల ఆమె కాలం చేసింది. ఈ గడ్డ మీద అడుగు పెట్టి పాతికేండ్లు.

ఆమె చేతిల ఉన్నది సగం మందే అని యాది పెట్టుకోవాలె. రోగం ముదరకముందు వస్తె పని చేసేది, ముదిరినోళ్లకు అంతగ పట్టకపోయేది. అసలైన గోళీ డాప్సోన్ 1940లల్ల వచ్చింది. రెండు మూడు మందులు కలిపి ఇచ్చే పద్ధతి 1982ల వచ్చింది. ఇప్పుడు సర్కార్ దవాఖానల ఫుకట్‌గ ఇస్తరు. మచ్చలు తక్కువుంటె ఆరు నెల్లు, ఎక్కువుంటె ఏడాది. ఆమె సచ్చేదాక ఎతికింది ఇప్పుడు ఒక అట్టల దొరుకుతుంది.

మందు ఇంత తొందరగ వచ్చింది, మనసులే ఆలస్యం చేసినయ్. 1898 చట్టాన్ని మన దేశం 2016ల గని తీసెయ్యలే. కుష్టు ఉంటె ఇడాకులు ఇయ్యొచ్చన్న రూలు 2019దాక ఉండె. నమ్మబుద్ధి కాదు గదా?

పోయిన యేడు ఆశా అక్క ఇంటింటికి తిరిగి మచ్చలున్నయా అని అడిగింది. మా దోస్తు ఒకడు ఎండకాలంల ఫుల్ చేతుల అంగి తొడుక్కొని తిరుగుతుండె. చేతి మీద రూపాయి బిళ్లంత తెల్ల మచ్చ, గిచ్చినా తెలుస్తలేదంట. అక్కకు సూపియ్యలే. నాకు చెప్పిండు, అది గూడ రాత్రి పన్నెండింటికి, ఫోన్‌ల. నేను ఇసబెల్ ముచ్చట చెప్పలే, డిచ్‌పల్లి ముచ్చట చెప్పలే. రేపు పొద్దున బండి తీస్త, ఎనక కూసో అన్న అంతే. జహీరాబాద్ దవాఖానల సూసిండ్రు, అదేనన్నరు, అట్టలు ఇచ్చిండ్రు. ఆరు నెల్లది.

నాలుగో నెల నడుస్తుంది. మచ్చల స్పర్శ కొద్దికొద్దిగ వస్తుందంటుండు. ఇంట్ల మాత్రం ఇంకా చెప్పలే. గోళీలు మా ఇంట్లనే పెట్టిండు, పొద్దున పాలకు వచ్చినట్టు వచ్చి మింగి పోతడు.