ఇరుసును సరిదిద్దిన వైద్యుడు ఎరాస్మస్ డార్విన్

సండూరు కొండల నుంచి ఇనుప ఖనిజం నింపుకొని వచ్చే లారీని మలుపు వద్ద గమనిస్తే ఒక విశేషం కనిపిస్తుంది. ముందు చక్రాలు రెండూ పక్కకు తిరుగుతాయి. వాటిని మోసే ఇరుసు మాత్రం తిరగక అడ్డంగానే నిలిచి ఉంటుంది. అంతటి బరువుతో ఉన్న బండి ఒరిగిపోకుండా మలుపు తిరగడానికి ఈ అమరిక ఒక ముఖ్య కారణం. మోటారు బండి పుట్టడానికి వందేళ్లకు పైగా ముందే దీనిని ఊహించి, గుర్రపు బండిపై ప్రయోగించినవారు ఒక వైద్యుడు. ఆయన పేరు ఎరాస్మస్ డార్విన్. పరిణామ సిద్ధాంతంతో జగద్విఖ్యాతుడైన చార్లెస్ డార్విన్‌కు ఆయన తాతగారు.

ఎరాస్మస్ 1731 డిసెంబరు 12న ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌షైర్‌లో, ఎల్‌స్టన్ గ్రామంలో జన్మించారు. కేంబ్రిడ్జిలోను, ఎడిన్‌బరోలోను విద్యాభ్యాసం చేసి, 1756లో లిచ్‌ఫీల్డ్ పట్టణంలో వైద్యవృత్తి ఆరంభించారు. మాట తడబడే స్వభావం ఉన్నప్పటికీ, ఆయన హస్తవాసిపై జనులకు అపారమైన విశ్వాసం ఏర్పడింది. పేదలకు ఉచితంగా వైద్యం చేసేవారు. రోగులు దూర గ్రామాలలో ఉండడం వలన ఏటా వేలాది మైళ్లు గుర్రపు బండిలో తిరగవలసి వచ్చేది. నాటి బాటలు గుంతలతో, బురదతో నిండి ఉండేవి.

మన ఎడ్లబండికి రెండే చక్రాలు గనుక మలుపు పెద్ద సమస్య కాదు. నాలుగు చక్రాల బండి సంగతి వేరు. ఆ కాలంలో ముందు ఇరుసును నడుమ ఒకే సీలపై అమర్చేవారు. మలుపు వద్ద ఇరుసు మొత్తం చక్రాలతో సహా గిర్రున తిరిగి, బండి కిందికి చొచ్చుకుపోయేది. నాలుగు మూలలా ఆని ఉండవలసిన బండికి ముందువైపు ఆధారం ఇరుకైపోయేది. అట్టి సమయంలో ఒక చక్రం గుంతలో పడితే బండి బోల్తాపడే ప్రమాదం ఉండేది.

ఈ లోపాన్ని స్వయంగా అనుభవించిన డార్విన్, సుమారు 1759 నాటికి ఒక పరిష్కారం కనుగొన్నారు. ఇరుసును తిప్పకుండా బిగించి, దాని రెండు కొసలలో చక్రాలను వేర్వేరు సీలలపై తిరిగేటట్లు చేసి, ఆ రెండింటినీ కడ్డీలతో జతపరచడమే ఆ ఉపాయం. దీని వలన బండి ఎటు తిరిగినా నాలుగు చక్రాలూ తమ తమ మూలలలోనే ఉండి బరువును మోస్తాయి.

ఇందులో మరొక సూక్ష్మం ఉన్నది. కళ్లంలో నడిమి గుంజ చుట్టూ ఎడ్లను తిప్పేటప్పుడు గుంజకు దగ్గరి ఎద్దు చిన్న చుట్టు, వెలుపలి ఎద్దు పెద్ద చుట్టు తిరుగుతాయి. చక్రాలదీ అదే రీతి. అందుచేత లోపలి చక్రం వెలుపలి దానికంటే కొంచెం ఎక్కువగా తిరగాలి. అలా తిరగకపోతే చక్రాలు నేలను రాసుకుంటూ ఈడ్చుకుపోతాయి.

ఈ బండి గురించి విన్న రిచర్డ్ లోవెల్ ఎడ్జ్‌వర్త్ అనే యువకుడు అదే పద్ధతిలో ఒక బండి నిర్మించి లండన్‌లోని కళల ప్రోత్సాహక సంఘానికి చూపి మెప్పు పొందారు. ఆ ఘనత డార్విన్‌దేనని నిజాయితీగా చెప్పి, 1766లో లిచ్‌ఫీల్డ్ వెళ్లి ఆయనను కలుసుకొన్నారు. వారి స్నేహం జీవితాంతం నిలిచింది.

అయితే ప్రయోగాలకు డార్విన్ మూల్యం చెల్లించవలసి వచ్చింది. 1768లో, తాను రూపొందించుకొన్న ఒక బండి నుంచి కిందపడి మోకాలిచిప్ప విరగగొట్టుకొన్నారు. నాటి నుంచి ఆయన కుంటుతూనే నడిచారు. అయినా రోగుల కోసం చేసే ప్రయాణాలు మానలేదు. ఆవిరియంత్రాన్ని మెరుగుపరచిన జేమ్స్ వాట్, పారిశ్రామికుడు మాథ్యూ బోల్టన్ వంటి మిత్రులతో కలిసి చంద్ర సంఘం అనే విజ్ఞాన గోష్ఠిలో పాల్గొన్నారు. ఆవిరితో నడిచే బండ్లు వస్తాయని తన కావ్యంలో ముందుగానే ఊహించారు. 1802 ఏప్రిల్ 18న డెర్బీ సమీపంలోని బ్రెడ్‌సల్‌లో కన్నుమూశారు.

తన ఇరుసు పద్ధతికి ఆయన పేటెంటు తీసుకోలేదు. దానితో ఆ విషయం మరుగున పడింది. ఆయన మరణానంతరం జర్మనీలోని మ్యూనిక్‌కు చెందిన బండ్ల నిర్మాత గియోర్గ్ లాంకెన్‌స్పెర్గర్ అదే పద్ధతిని తిరిగి కనుగొన్నారు. ఆయన ప్రతినిధిగా రుడాల్ఫ్ ఆకర్‌మన్ 1818లో ఇంగ్లండులో పేటెంటు పొందారు. నేటికీ ఇంజనీరింగు పుస్తకాలలో దీనికి ఆకర్‌మన్ స్టీరింగు అనే పేరే ఉన్నది.

1886లో కార్ల్ బెంజ్ తన తొలి మోటారు బండిని మూడు చక్రాలతోనే నిర్మించారు. రెండు ముందు చక్రాలను సరిగా తిప్పే విధానం ఆయనకు అప్పటికి కుదరలేదు. 1893లో ఈ పద్ధతి నాలుగు చక్రాల బెంజ్ బండిలోకి వచ్చింది.

నాటి సీలనే నేడు మెకానిక్కులు కింగ్‌పిన్ అంటున్నారు. చక్రాలను జతపరచే కడ్డీ టై రాడ్. కింగ్‌పిన్ అరిగినా, టై రాడ్ కొసలు వదులైనా స్టీరింగు వణుకుతుంది, టైర్లు ఒకవైపే అరుగుతాయి. బండి దారి తప్పి లాగుతుంది. వేళకు గ్రీజు పెట్టించడం, ఊగులాటను పరీక్షింపజేయడం చిన్న పనులే. ఆ చిన్న పనులపైనే బరువు లారీ నడిపేవాని ప్రాణం, ఇంటివద్ద అతని కోసం ఎదురుచూసే కుటుంబం క్షేమం ఆధారపడి ఉన్నాయి. రెండున్నర శతాబ్దాల క్రితం ఆ వైద్యుడు ఆశించినది కూడా బాట మీద మనిషి క్షేమమే.