లిండ్లీ మర్రే – కామా కథ

తెనాలి నుండి బాపట్ల వెళ్ళే రైలు చుండూరు స్టేషనులో ఆగినప్పటి సంగతిని ఒక విద్యార్థి మా తరగతిలో ఆంగ్లంలో వ్రాశాడు. వైల్ వి వర్ ఈటింగ్ ది ట్రైన్ మూవ్డ్ అన్నది అతని వాక్యం. మేము తింటూ ఉండగా రైలు కదిలింది అని అతని భావం. ఈటింగ్ తరువాత కామా లేనందువల్ల, వారు రైలునే ఆరగిస్తున్నట్లు అర్థం స్ఫురించింది! తరగతి నవ్వింది, అతడు తలవంచుకొన్నాడు. అప్పుడు మేము లిండ్లీ మర్రే కథ చెప్పవలసి వచ్చింది.

మర్రే 1745లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో జన్మించాడు. న్యూయార్కులో న్యాయవాదిగా, వర్తకునిగా ధనం ఆర్జించాడు. ఆరోగ్యం చెడి 1784లో భార్యతో ఇంగ్లండు చేరి, యార్కు నగరం చెంత హోల్‌గేటులో స్థిరపడ్డాడు. కాళ్ళలో సత్తువ ఉడిగి కుర్చీకి పరిమితమైన ఆ మనిషిని, పొరుగున ఉన్న క్వేకర్ బాలికల పాఠశాల ఉపాధ్యాయినులు పాఠ్యగ్రంథం వ్రాయమని అర్థించారు. 1795లో వెలువడిన ఆ ఆంగ్ల వ్యాకరణం ఒక్క పాఠశాలతో ఆగలేదు. లక్షలాది ప్రతులు అమ్ముడై భారతదేశపు పాఠశాలలకు సైతం చేరింది. దానివల్ల వచ్చిన లాభాన్ని ఆయన దానధర్మాలకే వినియోగించాడు.

అందులో పెక్కు నియమాలు పూర్వ వైయాకరణుల నుండి గ్రహించినవే. ఆ మాట ఆయన దాచలేదు. ఆయన వాక్యాలలోనే దోషాలెన్నినవారూ తరువాత బయలుదేరారు. అయినా కామా విషయంలో ఆయన పడిన శ్రమ అసామాన్యమని మా అభిప్రాయం. కామా స్వల్ప విరామం, సెమికోలన్ దానికి రెట్టింపు, కోలన్ అంతకు రెట్టింపు, ఫుల్‌స్టాప్ దానికీ రెట్టింపు అని లెక్క కట్టాడు. ఫస్ట్, ఇన్ షార్ట్, ఆన్ ది కాంట్రరీ వంటి మాటలను తక్కిన వాక్యం నుండి సాధారణంగా కామాతో వేరుచేయాలన్నాడు. చిన్న పదబంధమైతే, అర్థం చెడనప్పుడు, నేడు కామాను విడిచిపెట్టడమూ కద్దు.

తెలుగువారికి ఈ నియమం ఎందుకు పట్టుబడదు? ఉండగా అన్న ప్రత్యయాంతమే మనకు ఉపవాక్యం ముగిసిందని చెబుతుంది. ఆంగ్లంలో ఆ పని తరచు కామా చేయాలి. ఖురాను పఠనంలో వక్ఫ్ చిహ్నాలు ఎరిగిన ఉర్దూ విభాగపు విద్యార్థులు, ఆగవలసిన చోట ఆగకుంటే అర్థం ఎట్లు మారుతుందో మాకంటే ముందే గ్రహించారు.

మర్రే చివరి పదహారేండ్లు ఇల్లు కదలకుండానే గడిపి 1826లో మరణించాడు. మా విద్యార్థి ఆనాడే ఈటింగ్ ప్రక్కన కామా పెట్టి కాగితం తిరిగి ఇచ్చాడు.