తూటా వేగాన్ని లోలకంతో కొలిచిన రాబిన్స్

సూళ్లూరుపేట, జూలై 28: వేయి గజాల దూరంలో ఉన్న లక్ష్యంపై తూటాలన్నీ ఒకేచోట పడాలంటే వాటి వేగాల మధ్య తేడా దాదాపు ఉండరాదు. అందుకే విదేశాల్లో దూరలక్ష్య పోటీలకు వెళ్లే రైఫిల్ క్రీడాకారులు పలువురు కర్మాగారం నుంచి వచ్చిన తూటాలతో తృప్తి చెందరు. మందును గ్రెయిన్‌లో పదోవంతు వరకు తూచి, తూటాను స్వహస్తాలతో కూర్చుకుని, అది వెలువడే వేగాన్ని యంత్రంతో కొలిచి చూసుకుంటారు. తుపాకీ గుండు వేగాన్ని నమ్మదగిన రీతిలో కొలిచే మార్గాన్ని లోకానికి చూపిన శాస్త్రవేత్త బెంజమిన్ రాబిన్స్. ఇంగ్లండులో పుట్టి, మద్రాసుకు దక్షిణాన కోరమాండల్ తీరంలో 1751 జూలై 29న కన్నుమూసిన ఆ మేధావి వర్ధంతి సందర్భంగా ఆయన జీవిత విశేషాలివి.

శాంతికాముకుల ఇంట జననం

రాబిన్స్ 1707లో ఇంగ్లండులోని బాత్ పట్టణంలో ఒక పేద కుటుంబంలో జన్మించారు. తల్లిదండ్రులు క్వేకర్లు. యుద్ధాన్నీ ఆయుధాన్నీ పాపంగా ఎంచే క్రైస్తవ శాఖ అది. అటువంటి ఇంట పుట్టిన బాలుడు ఫిరంగుల శాస్త్రానికి ఆద్యుడు కావడం విధి వైచిత్రి. చిన్ననాటి నుంచే ఆయనకు గణితంపై అపారమైన మక్కువ. ఆయన రాసిన పత్రం ఒకటి లండన్‌లో హెన్రీ పెంబర్టన్ అనే విద్వాంసుని చేతికి చేరింది. న్యూటన్ రచించిన ప్రిన్సిపియా మూడో ముద్రణకు సంపాదకత్వం వహించినది ఈ పెంబర్టనే. ఆయన ప్రోత్సాహంతో రాబిన్స్ లండన్ చేరారు.

1727లో, ఇరవై ఏళ్ల ప్రాయంలోనే, రాయల్ సొసైటీ సభ్యత్వం ఆయనను వరించింది. మరుసటి ఏడు యూరప్‌లో పేరుమోసిన గణితజ్ఞుడు జోహాన్ బెర్నూలీ సిద్ధాంతాన్ని ఖండించి పండితుల దృష్టిని ఆకర్షించారు. 1735లో న్యూటన్ కలనగణితాన్ని సమర్థిస్తూ ఒక గ్రంథం వెలువరించారు. క్రమంగా క్వేకర్ల వేషభాషలను విడిచిపెట్టి, గణితం బోధిస్తూ జీవనం సాగించారు.

దక్కని కొలువు.. వెలువడిన గ్రంథం

1741లో వూల్విచ్‌లో రాయల్ మిలిటరీ అకాడమీ ఏర్పడింది. అక్కడి ఆచార్య పదవిని రాబిన్స్ ఆశించారు. అయితే అంతకు రెండేళ్ల ముందే ఆయన ప్రధాని వాల్పోల్ ప్రభుత్వాన్ని విమర్శిస్తూ కరపత్రాలు రాసి ఉన్నారు. పదవి మరొకరికి దక్కింది. పాఠాలు చెప్పేందుకు సమకూర్చుకున్న సామగ్రి మాత్రం వృథా పోలేదు. దానినే విస్తరించి 1742లో ఫిరంగి శాస్త్ర నూతన సూత్రాలు అనే అర్థం వచ్చే పేరుతో చిన్న పుస్తకంగా అచ్చు వేయించారు. పరిమాణంలో చిన్నదైనా అది నూరేళ్ల నమ్మకాలను తలకిందులు చేసింది.

అంతవరకు గుండు ప్రయాణాన్ని లెక్కించేవారు గెలీలియో చెప్పిన పరావలయ మార్గాన్నే ఆధారం చేసుకునేవారు. గుండు బరువైనది, గాలి పలుచనైనది, కనుక గాలి అడ్డు లెక్కలోకి రాదని వారి విశ్వాసం. గుండు ఎంత వేగంతో వెలువడుతుందో కొలిచి చూసే సాధనమే లేనప్పుడు ఆ విశ్వాసం తప్పని తేల్చడం ఎవరికీ సాధ్యం కాలేదు.

లోలకం చెప్పిన లెక్క

రాబిన్స్ ఉపాయం వినడానికి అతి సామాన్యం. ఇనుప పలకకు మందపాటి కొయ్యను బిగించి ఉయ్యాలలా వేలాడదీశారు. దాని మొత్తం బరువు సుమారు 56 పౌండ్లు. ముప్పావు అంగుళం వ్యాసం, పౌనులో పన్నెండో వంతు బరువు గల సీసపు గుండును తుపాకీతో దానిపైకి పేల్చారు. గుండు కొయ్యలో దిగబడగానే లోలకం వెనక్కి ఊగుతుంది. ఎంత దూరం ఊగిందో దానికి కట్టిన పట్టీ తెలుపుతుంది. గుండు బరువు, లోలకం బరువు, ఊగిన దూరం తెలిస్తే న్యూటన్ సూత్రాలతో గుండు వేగం లెక్కకు వస్తుంది. కంటికి ఆనని వేగం మెల్లగా ఊగే కొయ్యపలకపై కొలతకు దొరికింది.

ఆ వేగం క్షణానికి సుమారు 1,700 అడుగులని తేలింది. గాలి అడ్డు లేకపోతే అంత వేగంతో ఏటవాలుగా పేల్చిన గుండు 17 మైళ్లు పోవాలి. వాస్తవంలో అది ఒక మైలు కూడా చేరదు. లోలకాన్ని తుపాకీకి దగ్గరగా ఒకసారి, దూరంగా మరొకసారి ఉంచి పేల్చి, దారిలో గుండు కోల్పోయిన వేగాన్ని ఆయన పట్టుకున్నారు. ఆ వేగంలో గాలి కలిగించే నిరోధం గుండు బరువుకు నూరు రెట్లకు పైగా ఉందని లెక్కగట్టారు. వేగం ధ్వని వేగానికి చేరువయ్యే కొద్దీ నిరోధం ఒక్కసారిగా పెరుగుతోందని కూడా గమనించారు. ధ్వనిని మించిన వేగాల శాస్త్రానికి తొలి ఆనవాలు అదే.

తుపాకీమందునూ ఆయన వదల్లేదు. మందు మండినప్పుడు వెలువడే వాయువు చల్లారిన తర్వాత కూడా మందు పరిమాణానికి సుమారు 244 రెట్లు ఉంటుందని, గొట్టంలోని వేడికి దాని ఒత్తిడి మామూలు గాలి ఒత్తిడికి వేయి రెట్లవుతుందని అంచనా వేశారు. మందు ఎంత, గొట్టం పొడవెంత, గుండు బరువెంత అన్న మూడింటిని బట్టి వేగాన్ని ముందే లెక్కించవచ్చని ప్రయోగాలతో చూపారు. మందు దట్టించిన కొద్దీ ఫలితం పెరుగుతుందనుకున్న ఫిరంగి సేనానులకు అది మింగుడుపడని విషయమైంది. ఈ పరిశోధనలకు గుర్తింపుగా 1746లో రాయల్ సొసైటీ కాప్లీ పతకంతో ఆయనను సత్కరించింది.

గుండు పక్కదారి పట్టేదెందుకు?

చక్కగా గురిపెట్టినా గుండు కుడికో ఎడమకో తొలగిపోవడం ఆనాటి తుపాకుల జాడ్యం. గొట్టం గోడలకు రాసుకుని గుండు గిరగిర తిరుగుతుందని, ఆ తిరుగుడు వల్లే గాలి దానిని పక్కకు నెడుతుందని రాబిన్స్ గ్రహించారు. దీనిని నిరూపించేందుకు గొట్టం కొసను కొద్దిగా ఎడమకు వంచి, వరుసగా పలుచని కాగితపు తెరలు నిలిపి పేల్చారు. గుండు మొదట ఎడమకు పోయి, తర్వాత కుడివైపునకు ఒంపు తిరిగిన దారి తెరలపై రంధ్రాలుగా నిలిచింది. క్రికెట్‌లో స్పిన్ బౌలర్ విసిరిన బంతి గాలిలో పక్కకు జరగడానికీ ఇదే కారణం. అయితే నూరేళ్ల తర్వాత జర్మన్ శాస్త్రవేత్త మాగ్నస్ చేసిన పరిశోధనతో ఆ ప్రభావానికి మాగ్నస్ పేరు స్థిరపడింది. రాబిన్స్ పేరు మరుగున పడింది.

జాడ్యం కనుగొన్న రాబిన్స్ మందునూ సూచించారు. గొట్టం లోపల మెలికగా గాడులు తొలిస్తే, గుండు తాను పోయే దిశనే ఇరుసుగా చేసుకుని తిరుగుతుంది, దారి తప్పదు. గుండ్రని గుండుకు బదులు బరువైన కొన ముందుండే కోడిగుడ్డు ఆకారం మేలని కూడా చెప్పారు. రైఫిల్ మర్మాన్ని గ్రహించి సైన్యానికి అలవరచిన దేశానికి ఇతరులపై తిరుగులేని ఆధిక్యం లభిస్తుందని 1747లో జోస్యం చెప్పారు. స్వదేశం ఆ మాట చెవికెక్కించుకోలేదు. జర్మన్ నేలపై మాత్రం మహాగణితజ్ఞుడు ఆయిలర్ 1745లోనే ఆయన పుస్తకాన్ని విపులమైన వ్యాఖ్యతో అనువదించారు. యువ ఫిరంగి అధికారిగా నెపోలియన్ సైతం రాబిన్స్ సిద్ధాంతాలను అభ్యసించారు.

కోరమాండల్ తీరంలో అస్తమయం

1748 నాటి సంధితో ఆంగ్లేయులకు, ఫ్రెంచివారికి మధ్య యుద్ధం ముగిసింది. ఆ సంబరంగా 1749లో లండన్‌లో బాణసంచా కాల్చినప్పుడు అందరూ వెలుగులు చూసి ఆనందిస్తే, రాబిన్స్ రాకెట్లు ఎంత ఎత్తుకు ఎగిశాయో కొలిపించారు. అదే సంధి ఫలితంగా ఫ్రెంచివారి వశమై ఉన్న మద్రాసు ఆంగ్లేయులకు తిరిగి దక్కింది. శిథిలమైన కోటలను బాగుచేసేందుకు ఈస్టిండియా కంపెనీ ఆయనను ప్రధాన ఇంజనీరుగా నియమించింది. స్వదేశంలో దక్కని కొలువు పరదేశంలో దక్కింది.

1749 చివర ఓడ ఎక్కిన రాబిన్స్ 1750 జూలైలో కడలూరు చెంత దేవనాంపట్నంలోని సెయింట్ డేవిడ్ కోటకు చేరారు. ఆంగ్లేయుల రాజధాని అప్పట్లో అదే. ఆ కోటకు, మద్రాసు కోటకు కొత్త నమూనాలు సిద్ధం చేశారు. వచ్చిన రెండు నెలలకే జ్వరం పట్టుకుంది. కోలుకున్నట్టే కోలుకుని క్రమంగా క్షీణించారు. రక్షణ ఏర్పాట్లపై కంపెనీకి నివేదిక రాస్తూ, కలం చేతిలో ఉండగానే, 44 ఏళ్ల వయసులో తుదిశ్వాస విడిచారు. ఆయన అవివాహితులు. నెల రోజులకే క్లైవ్ ఆర్కాటుపై దండెత్తారు. నెల్లూరు సీమ ఆనాడు ఆర్కాటు నవాబు ఏలుబడిలోదే. రాబిన్స్ బలపరచ తలపెట్టిన సెయింట్ డేవిడ్ కోట 1758లో ఫ్రెంచివారి పాలైంది. మిత్రుడు జేమ్స్ విల్సన్ 1761లో ఆయన రచనలను రెండు సంపుటాలుగా వెలువరించారు.

నూరేళ్లకు ఫలించిన జోస్యం

గాడుల గొట్టం, కోసుగా ఉండే గుండు కలసి సైన్యాలకు అందడానికి మరో శతాబ్దం పట్టింది. 1849లో ఫ్రాన్సులో మినియే గుండు, 1853లో ఇంగ్లండులో ఎన్‌ఫీల్డ్ రైఫిల్ వచ్చాయి. ఆ ఎన్‌ఫీల్డ్ కొవ్వు తూటాలే 1857లో సిపాయిల తిరుగుబాటుకు నిప్పు రాజేశాయి.

నేటి లక్ష్యక్రీడాకారుల సాధన కూడా రాబిన్స్ బాటలోనే సాగుతోంది. పేలిన ఇత్తడి తొడుగులను శుభ్రపరచి, కొలతకు దిద్ది, కొత్త ప్రైమర్ అమర్చి, మందు తూచి పోసి, గుండును ఒకే లోతున బిగిస్తారు. మందు తూకంలో స్వల్ప తేడా వేగంలో తేడా అవుతుంది. వేయి గజాల వద్ద అది అంగుళాల లెక్కన పైకో కిందికో తొలగుతుంది. మోతాదు మించితే రైఫిలే పగిలి ప్రాణాపాయం కలుగుతుంది. మన దేశంలో 1959 ఆయుధ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయడం నేరం. వేగాన్ని కొలిచేందుకు లోలకం స్థానంలో ఎలక్ట్రానిక్ పరికరాలు వచ్చాయి. ఆయన కన్నుమూసిన ఆ తీరానికే ఉత్తరాన శ్రీహరికోట నుంచి రాకెట్లు నింగికెగసేటప్పుడూ గాలి నిరోధాన్ని లెక్కించక తప్పదు. గాలి అడ్డు లెక్కలోకి రాదన్న పాత నమ్మకాన్ని వమ్ము చేసినది మాత్రం రాబిన్స్ వేలాడదీసిన ఆ కొయ్యపలకే.