పరమాణువులకు ఆనవాలు పెట్టిన హెవెషీ

మనం సేవించిన ఔషధం శరీరంలో ఏ మార్గాన పయనిస్తుంది, ఎక్కడ నిలుస్తుంది, ఎన్నాళ్ళకు వెలుపలికి పోతుంది? ఇది తెలుసుకొనుటకు ఔషధపు అణువులో ఒక రేడియోధార్మిక పరమాణువును పొందుపరచి, దాని జాడను పరికరములతో అనుసరిస్తారు. మందలోని ఒక ఆవు మెడలో గంట కట్టినట్లే అనవచ్చును. ఈ విద్యకు మూలపురుషుడు జార్జ్ డి హెవెషీ.

ఆయన 1885 ఆగస్టు 1న బుడాపెస్టు నగరంలో, యూదు మూలములు గల సంపన్న కుటుంబంలో జన్మించారు. 1908లో ఫ్రైబర్గులో డాక్టరేటు పొంది, 1911లో మాంచెస్టరులో రూథర్‌ఫర్డు మహాశయుని చెంతకు చేరారు. గురువు ఒక పని అప్పగించారు: రాశులుగా పడివున్న సీసం నుండి రేడియం-డి అను పదార్థమును వేరుచేయవలెను. హెవెషీ దాదాపు రెండేండ్లు శ్రమించి పూర్తిగా ఓడిపోయారు. రేడియం-డి కూడ సీసమే కనుక ఏ రసాయనిక ప్రక్రియకూ అది లొంగలేదు. వేరొకరైతే ఆ గ్రంథమును అక్కడితో మూసివేసేవారు. వేరుచేయ శక్యం కానిదాన్ని కావాలనే సీసంలో కలిపితే, సీసం వెళ్ళిన చోటికెల్లా అదీ వెళ్ళును గదా అని ఆయనకు తోచింది. ఓటమిని ఇంత చక్కగా తిరగవేసిన సందర్భం రసాయనశాస్త్రంలో మాకు మరొకటి గుర్తుకు రాదు.

1913లో వియన్నాలో పానెత్ అను మిత్రునితో కలిసి దీన్ని పరీక్షించారు. సీసపు క్రోమేటు నీటిలో కరగనట్లే కనిపించును. కరిగే ఆ రవ్వంతను తూచగల త్రాసు లేదు. రేడియం-డి కలిపిన సీసంతో ఆ లవణమును తయారుచేసి, నీటితో కలియబెట్టి, వడగట్టి, ఆ నీటిని పూర్తిగా ఇగిర్చివేశారు. పాత్ర అడుగున కంటికి ఏమియు లేదు. కాని విద్యుద్దర్శిని దాన్ని గుర్తించి లెక్క చెప్పింది.

1923లో కోస్టరుతో కలిసి హాఫ్నియం మూలకమును కనుగొన్నారు. దాని కథ వేరు. అదే ఏట చిక్కుడు మొక్కలు సీసమును పీల్చుకొను తీరును పరిశీలించారు. హిట్లరు పాలన వచ్చిన పిమ్మట 1934లో ఫ్రైబర్గు పదవిని వదలి కోపెన్‌హేగను చేరారు. 1935లో రేడియోధార్మిక భాస్వరమును ఎలుకలకు తినిపించి, ఎముక రాయివలె స్థిరమైనది కాదనియు, అందలి భాస్వరం నిత్యం మారుతుండుననియు చూపారు. ఆ భాస్వరపు అర్ధాయువు సుమారు 14 దినములే. ప్రయోగం జాగు చేయ వీలులేదు.

తరువాతి తరం వారు కర్బనం-14, ట్రిటియములతో ఔషధములకు గుర్తు పెట్టసాగినపుడు కొత్త చిక్కు ఎదురైంది. గుర్తుగా పెట్టిన పరమాణువు వెలువరించు కిరణములే పొరుగు అణువులను ఛేదించును. ద్రావణిని పూర్తిగా తొలగించి పొడిగా ఉంచినచో అణువులు ఒకదానినొకటి ఒరసికొని ఉండుటచే ఈ నష్టం తరచుగా హెచ్చును. అందుచేత తగిన ద్రావణిలో పలుచగా, చల్లగా భద్రపరుస్తారు; నీటి ద్రావణమైతే కొంచెం ఆల్కహాలు చేర్చుట కలదు. మరి ట్రిటియం గట్టిగా అంటుకొనక వదులుగా నిలిచిన చోటుల నుండి దాన్ని తీసివేయుటకు, ఆల్కహాలులో కరిగించి ఇగిర్చుట పలుమార్లు చేయవలసివచ్చును. ఈ శుద్ధి లోపిస్తే, మందు జాడ అనుకొని నీటి జాడను వెంబడించినట్లగును.

1940లో జర్మను సేనలు కోపెన్‌హేగనులో ప్రవేశించాయి. బోరు సంస్థలో ఫాన్ లవే, ఫ్రాంకుల నోబెలు బంగారు పతకములు దాచివున్నవి. వాటిపై పేర్లు చెక్కివుండుటచే పట్టుబడితే యజమానులకు ముప్పు. హెవెషీ వాటిని ఆక్వారీజియాలో కరిగించారు. ఆ సీసా అలమరలో ఎవరి కంటా పడక యుద్ధం ముగియువరకు నిలిచింది. ఆ పిమ్మట బంగారమును తిరిగి రాబట్టగా నోబెలు సంస్థవారు పతకములను మరల పోతపోయించారు.

1943లో ఆయన స్వీడనుకు తప్పించుకొన్నారు. ఆ సంవత్సరపు రసాయనశాస్త్ర నోబెలు బహుమానం ఆయనకే లభించింది. 1966 జులై 5న ఫ్రైబర్గులో మరణించారు. 2001లో ఆయన అవశేషములను బుడాపెస్టుకు తరలించి, పుట్టిన నేలలో సమాధి చేశారు.